బొమ్మ ఎవరిది? ఉత్తరాంధ్ర రచనల్లో ఐరోపా రాణి, సేనాని, కవి, కళాసి

వ్యాససంగ్రహం

ఐరోపా రాజవంశీకుల, నౌకాసేనానుల, కవుల మూర్తిచిత్రణ తెలుగులో ఒకే తీరున సాగలేదు. రాణికి చరిత్రగ్రంథం వచ్చింది. దండు నడిపిన ఫ్రెంచివాడు జానపద గాథలోకి ఎక్కాడు. విశాఖ రేవు ముందే యుద్ధం చేసిన నౌకాసేనానికి మాత్రం తెలుగులో చోటు దొరకలేదు. కవి సంబోధనకు పాత్రుడయ్యాడు. కందుకూరి వీరేశలింగం గద్యం, బొబ్బిలి గాథ, గురజాడ ‘కన్యాశుల్కం’, శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ ఆధారంగా ఈ తేడాలను పరిశీలించడం, ‘దేశచరిత్రలు’ గేయంలోని ఓడ కళాసిని ఆ వరుసలో నిలిపి చదవడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: జీవితచరిత్ర, మూర్తిచిత్రణ, విక్టోరియా, బుస్సీ, లినోయి, గిరీశం, స్విన్‌బర్న్, దేశచరిత్రలు, కళాసి.

ప్రవేశిక

అనకాపల్లి జిల్లా పరవాడ మండలంలోని ముత్యాలమ్మపాలెం మత్స్యకారుల ఊరు. అక్కడి నుంచి తీరం వెంట ఈశాన్యంగా సాగితే ఉక్కు కర్మాగారం, గంగవరం రేవు, యారాడ కొండ, ఆ కొండకొమ్ము దాటగానే విశాఖ ఓడరేవు వస్తాయి. రేవును ఆనుకొని ఉన్న పాత పట్టణంలో విక్టోరియా రాణి విగ్రహం నేటికీ ఉంది. మేరీ రాణి పేరు మోస్తున్న బాలికల పాఠశాల ఆ పరిసరాల్లోనే ఉంది. విక్టోరియా మనుమడు అయిదో జార్జి పేరిట 1923లో ప్రారంభమైన ఆసుపత్రికి పరవాడ నుంచీ పాడేరు నుంచీ రోగులు వస్తూనే ఉన్నారు. జనం నోట అది ‘కేజీహెచ్’ మాత్రమే. రాజు పోయి మూడు అక్షరాలు మిగిలాయి.

రాతిలో, కంచులో, భవనాల పేర్లలో కనిపించే ఈ ఐరోపా వేరు. తెలుగు రచనల్లో కనిపించే ఐరోపా వేరు. విగ్రహం పెట్టించినవారికి ఆ మూర్తి ఎవరన్న సందేహం లేదు. రచయితకు ఆ సౌలభ్యం ఉండదు. ఒక పరదేశి వ్యక్తిని తన భాషలో నిలబెట్టాలంటే ఆ వ్యక్తితో తనకున్న సంబంధం ఏమిటో అతడు ముందు తేల్చుకోవాలి. ఈ తేల్చుకోవడం నాలుగు చోట్ల నాలుగు రకాలుగా జరిగింది. ఆధునిక సాహిత్య చరిత్రలు దీన్ని ‘పాశ్చాత్య ప్రభావం’ అన్న ఒకే శీర్షిక కింద చుట్టబెట్టడం వల్ల, ఎవరి బొమ్మను ఎవరు, ఎందుకు గీశారన్న ప్రశ్న మరుగున పడింది.

నాణెం మీది రాణి

పంతొమ్మిదో శతాబ్దపు తెలుగు పల్లె చూసిన మొదటి ఐరోపా మూర్తిచిత్రం పుస్తకంలోనిది కాదు, రూపాయి మీదిది. 1862 నుంచి తులం ఎత్తు వెండి రూపాయి మీద కిరీటంతో ఉన్న విక్టోరియా ముఖం అచ్చయింది. 1877 నుంచి ఆ ముఖం పక్కన రాణి అన్న మాట పోయి చక్రవర్తిని అన్న మాట చేరింది. చదువు రాని రైతుకు ఆ అక్షరాలతో పని లేదు. బొమ్మా, బొరుసా అని నాణెం ఎగరేసే ఆటలో బొమ్మ అంటే ఆమే.

ఈ బొమ్మలో ఒక విశేషం ఉంది. విక్టోరియా భర్త ఆల్బర్ట్ 1861 డిసెంబరులో మరణించాడు. అంటే భారతీయ రూపాయి మీద కిరీటంతో ఉన్న ఆ ముఖం అచ్చయ్యేనాటికే ఆమె వితంతువు. 1901లో మరణించేదాకా, దాదాపు నలభై ఏళ్లు, ఆమె శోకవస్త్రాలు విడవలేదు. 1893 నుంచి ఇంగ్లండు నాణేల మీద ముసుగు వేసుకున్న వృద్ధురాలిగా ఆమెను చూపించారు. భారతీయ రూపాయి మీద మాత్రం చివరివరకూ కిరీటధారిణి అయిన రాణే కొనసాగింది. ముసుగు సముద్రం దాటి రాలేదు. శుభకార్యాల్లో వితంతువు ఎదురురాకూడదనుకునే సమాజం, ఒక వితంతువు ముఖం అచ్చయిన వెండిని లక్ష్మి అని కళ్లకద్దుకుని చెంగున ముడి వేసుకుంది.

ఈ వైరుద్ధ్యాన్ని పక్కన పెట్టి చదివితే కందుకూరి వీరేశలింగం ‘విక్టోరియా మహారాజ్ఞీ చరిత్రము’ కేవలం రాజభక్తి రచనగా కనిపిస్తుంది. విమర్శలో దానికి దక్కిన స్థానం కూడా అంతే, అంటే దాదాపు శూన్యం. అయితే 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించిన వ్యక్తి ఆ గ్రంథకర్త. ఆ పెళ్లికి శాస్త్రం ఎంత అండగా నిలిచిందో 1856 నాటి వితంతు పునర్వివాహ చట్టం కూడా అంతే అండగా నిలిచింది. ఊరు వెలివేసినప్పుడు సంస్కర్తకు మిగిలేది చట్టమే. కంటికి కనిపించని ఆ చట్టానికి 1858 ప్రకటన తరువాత ఒక ముఖం ఏర్పడింది, అది రాణి ముఖం. కందుకూరి రాజభక్తిని ఈ అవసరం నుంచి విడదీసి తూచడం న్యాయం కాదు.

అలాగని ఆ భక్తిని పూర్తిగా సమర్థించడమూ కుదరదు. ‘చరిత్రము’ అన్న పేరు తెలుగులో పద్యకావ్య నాయకుడికి చెందినది. కందుకూరి దాన్ని గద్యంలోకి తెచ్చి, జీవితచరిత్రకు వాడుక చేశారు. రూపం మారినా నాయకుడికి లోపం ఉండరాదన్న కావ్యనియమం కొంత వెంట వచ్చింది. 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో విక్టోరియాను చక్రవర్తినిగా ప్రకటించారు. దర్బారు జరిపిన రాజప్రతినిధి లిట్టన్ ఓవెన్ మెరెడిత్ అన్న కలంపేరుతో కవిత్వం రాసినవాడు. అదే సమయంలో మద్రాసు రాష్ట్రంలో, ముఖ్యంగా బళ్లారి, కడప, కర్నూలు ప్రాంతాల్లో కరువుకు లక్షలాది మంది చనిపోతున్నారు. దర్బారునూ కరువునూ ఒకే పుటలో ఇముడ్చుకోగల శక్తి ప్రశస్తి రూపానికి లేదు. ఇది ఒక్క కందుకూరి లోపం కాదు, ఆయన ఎంచుకున్న ప్రక్రియ పరిమితి.

ఆ పరిమితి ఆయనకూ తెలుసనడానికి ఆయన మరో రచనే సాక్ష్యం. స్విఫ్ట్ 1726లో వెలువరించిన ‘గలివర్స్ ట్రావెల్స్’ ప్రేరణతో రాసిన ‘సత్యరాజా పూర్వదేశయాత్రలు’లో ఆడుమళయాళం అనే దేశం ఉంది. అక్కడ ఏలేది స్త్రీలు. తెలుగునాట స్త్రీలు పడే బాధలన్నీ అక్కడ పురుషులు పడతారు. స్విఫ్ట్ కథానాయకుడు ఓడ వైద్యుడు. కందుకూరి ఆ ఓడ వైద్యుణ్ణి తీసివేసి ఆచారపరుడైన సత్యరాజాచార్యుణ్ణి పెట్టారు. స్త్రీ సింహాసనం మీద ఉంటే లోకం ఎలా ఉంటుందన్న ప్రశ్నకు ‘చరిత్రము’లో గౌరవం, ‘యాత్రలు’లో వ్యంగ్యం సమాధానాలయ్యాయి. నిజమైన రాణి ముందు మూగబోయిన ప్రశ్న కల్పిత రాజ్యంలో నోరు తెరిచింది. ఈ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి బోధించే తరగతి గది తెలుగులో ఇంకా ఏర్పడవలసి ఉంది.

గాథకెక్కిన బుస్సీ, గాథకెక్కని లినోయి

ఉత్తరాంధ్ర జనం ఒక ఐరోపా చారిత్రక వ్యక్తిని తమంతట తాము, ఎవరి ప్రోద్బలం లేకుండా చిత్రించుకున్న సందర్భం బొబ్బిలి గాథ. 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడింది. ముట్టడించినది ఫ్రెంచి సేనాని బుస్సీ. అతణ్ణి అక్కడికి రప్పించినది విజయనగరం ప్రభువు విజయరామరాజు. అదే సంవత్సరం బుస్సీ విశాఖలోని ఇంగ్లీషువారి కోటనూ పట్టుకున్నాడు. దిట్టకవి నారాయణకవి ‘రంగరాయ చరిత్రము’లో, జంగం కథకుల నోట, మల్లంపల్లి సోమశేఖర శర్మ పరిష్కరించిన గాథలో ఈ ఫ్రెంచివాడు పాత్రగా నిలిచాడు.

ఆ చిత్రణలో గమనించదగినది బుస్సీ పరిమాణం. ఫ్రెంచి చరిత్రలో అతడు దక్కనులో సామ్రాజ్యం కట్టబోయిన మహాపురుషుడు. గాథలో అతడు చెవికి చేరిన చాడీకి కదిలే పెద్ద ఫిరంగి. ద్వేషమంతా పొరుగు రాజు మీదికి, దివాను హైదర్ జంగు మీదికి వెళుతుంది. బలం పరాయివాడిదైనా పాపం మనవాడిదేనన్నది గాథ తీర్పు. ఇంగ్లీషు చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ కూడా బొబ్బిలి ముట్టడిని వివరంగా రాశాడు గాని, ఈ తీర్పు అతడికి అవసరం కాలేదు. వలస చరిత్రలో కేంద్రంగా ఉన్న వ్యక్తిని అంచుకు నెట్టి, తమ తగవును కేంద్రంలో పెట్టుకోవడం జానపదుల చరిత్రదృష్టి. దీన్ని అజ్ఞానంగా భావించినవారున్నారు. తమ మీద పడిన సేనానికి నాయకత్వ గౌరవం ఇవ్వకపోవడం అజ్ఞానం ఎలా అవుతుందో వారే చెప్పాలి.

పరాయి సేనానిని తెలుగు నోరు తనకు తగ్గట్టు మలుచుకోవడం బొబ్బిలికే పరిమితం కాదు. హైదరాబాదులో నిజాము కొలువు చేసి 1798లో మరణించిన ఫ్రెంచి సేనాని రేమాండ్, ‘మొస్సియే’ అన్న గౌరవవాచకంతో సహా, ఒకరికి మూసా రహీమ్‌గా, మరొకరికి మూసారామ్‌గా మారి, మూసారాంబాగ్ అన్న పేటలో నిలిచిపోయాడు.

ఇక నౌకాసేనాని సంగతి. 1804 సెప్టెంబరు 15న విశాఖ తీరం ముందు ఫ్రెంచి, ఇంగ్లీషు నౌకల మధ్య పోరు జరిగింది. ఫ్రెంచి పక్షాన సేనాని లినోయి. అతడి వెంట ‘మరెంగో’ అనే పెద్ద యుద్ధనౌక, రెండు చిన్న యుద్ధనౌకలు. రేవులో ‘సెంచూరియన్’ అనే ఇంగ్లీషు యుద్ధనౌక, రెండు కంపెనీ ఓడలు ఉన్నాయి. ఫిరంగులు మోగేనాటికి సెంచూరియన్ కెప్టెన్ లిండ్ ఒడ్డు మీద ఉన్నాడు. లెఫ్టినెంట్ ఫిలిప్స్ నౌకను నిలబెట్టాడు. లిండ్ పడవ ఎక్కి పోరు మధ్యలో చేరుకున్నాడు. కంపెనీ ఓడల్లో ‘బార్నబీ’ ఒడ్డుకు కొట్టుకువచ్చి పగిలింది, ‘ప్రిన్సెస్ షార్లెట్’ను ఫ్రెంచివారు పట్టుకుపోయారు. గెలుపు అందేలా ఉన్నా లినోయి వెనుదిరిగాడు. 1801లో ఆల్జెసిరాస్ వద్ద ఇంగ్లీషువారిని ఓడించిన వీరుడు, 1804 ఫిబ్రవరిలో పులో అవుర్ దగ్గర వర్తక నౌకల బారును యుద్ధనౌకలనుకొని వదిలేసినవాడు కూడా ఇతడే. జంకు, పరాక్రమం ఒకే మనిషిలో ఇంతగా పెనవేసుకున్న పాత్ర నవలకు దొరకడం అరుదు.

ఆ పోరాటాన్ని చూపే చిత్రాలు ఇంగ్లండులో అచ్చయ్యాయి. తెలుగు సాహిత్య చరిత్రలు ఎరిగిన కావ్యాల్లో గాని, గాథల్లో గాని లినోయికి స్థానం లేదు. బుస్సీ గాథకెక్కి, లినోయి ఎందుకు ఎక్కలేదు? బుస్సీ వచ్చినది రెండు తెలుగు రాజవంశాల తగవులోకి. లినోయి వచ్చినది రెండు పరదేశి రాజ్యాల తగవుతో. నేల మీదివారికి అది దూరపు ఉరుము. గాథ పుట్టాలంటే ఫిరంగి మోత చాలదు, చచ్చినవాడు తనవాడై ఉండాలి. సముద్రం విషయంలో ఉత్తరాంధ్ర సిపాయిల మాట అంతకుముందే 1780 అక్టోబరులో వినిపించింది. హైదరాలీతో యుద్ధానికి మద్రాసు వెళ్లడానికి ఓడ ఎక్కమని ఆజ్ఞాపిస్తే విశాఖ సిపాయిలు ఎదురుతిరిగారు. ఓడ ఎక్కనన్నవాడి కథకూ, ఓడ నడిపినవాడి కథకూ మధ్య తెలుగు సాహిత్యంలో ఉన్న ఖాళీ చిన్నది కాదు.

గిరీశం చేతిలో చెల్లని నాణెం

1897 విక్టోరియా పాలనా వజ్రోత్సవ సంవత్సరం. ఆ ఏడాదే ‘కన్యాశుల్కం’ తొలి కూర్పు అచ్చయింది. నేటి అనకాపల్లి జిల్లాలోని ఎస్. రాయవరంలో పుట్టిన గురజాడ అప్పారావు దాన్ని విజయనగరం ప్రభువు ఆనంద గజపతికి అంకితం చేశారు. అంకితం పాతపద్ధతిదే, నాటకంలో జరిగేది మాత్రం పాతపద్ధతి కాదు. గిరీశం తన శిష్యుణ్ణి షేక్‌స్పియర్ అని పిలుస్తాడు. నాచ్ వ్యతిరేకోద్యమంలో తనను నెపోలియన్ స్థాయికి ఎత్తుకుంటాడు. పరీక్ష తప్పిన కుర్రవాడు షేక్‌స్పియర్ కావడం, పూటకూళ్లమ్మ డబ్బు వాడుకున్నవాడు నెపోలియన్ కావడం నవ్వు పుట్టిస్తాయి. ఆ నవ్వు కింద లెక్క వేరు. విక్టోరియా ముఖం రూపాయికి విలువ ఇచ్చినట్టే, ఐరోపా పేరు మనిషికి విలువ ఇచ్చే కాలం వచ్చిందని గిరీశం అందరికంటే ముందు పసిగట్టాడు. అతడి చేతిలో ఆ పేర్లు చెల్లని నాణేలు. అయినా అగ్నిహోత్రావధానులు ఇంట చెల్లుతాయి. గొప్పవారి బొమ్మలను పూజించే జీవితచరిత్రల యుగంలో, ఆ పూజ ఎవరికి ఉపయోగపడుతున్నదో చూపినది ఈ నాటకమే.

కవికి, కళాసికి

విశాఖపట్నంలో 1910లో పుట్టిన శ్రీశ్రీ వద్దకు వచ్చేసరికి చిత్రణ అన్న పద్ధతే మారింది. 1950లో పుస్తకంగా వెలువడిన ‘మహాప్రస్థానం’లో ఒక రచన పేరు ‘స్విన్‌బర్న్ కవికి’. ఇందులో కీలకం ‘కి’ ప్రత్యయం. కందుకూరి రాసినది విక్టోరియా యొక్క చరిత్ర. శ్రీశ్రీ రాసినది స్విన్‌బర్న్‌కు. మొదటిదానిలో పాఠకుడు కింద నిలబడి తలెత్తి చూస్తాడు; రెండోదానిలో కవి కవిని ఎదురుగా పిలుస్తాడు. మధ్యలో పీఠం లేదు.

స్విన్‌బర్న్ ఎంపిక యాదృచ్ఛికం కావచ్చు, కాని అర్థవంతం. విక్టోరియా సింహాసనమెక్కిన 1837లోనే అతడు పుట్టాడు. తండ్రి ఇంగ్లీషు నౌకాదళంలో అడ్మిరల్ పదవి దాకా ఎదిగినవాడు. రాణి పాలన, నౌకాదళం, సాహిత్యం మూడూ ఆ ఒక్క పుట్టుకలో కలిశాయి. అయితే అతడు రాచరికాన్ని ఎదిరించాడు. 1871లో ఇటలీ గణతంత్రవాదుల పక్షాన కవితా సంపుటి వెలువరించి మాజినీకి అంకితం చేశాడు. 1892లో టెనిసన్ మరణించాక ఆస్థానకవి పదవి మూడేళ్లకు పైగా ఖాళీగా ఉన్నా అది అతడికి దక్కలేదు. 1896లో ఆల్‌ఫ్రెడ్ ఆస్టిన్‌కు పోయింది. తెలుగు కవికి ఐరోపా నుంచి కావలసినది ఆస్థానం కాదు, ఆస్థానం అక్కర లేకుండా బతికిన కవి. బెల్జియం కవి వెర్‌హేరెన్ ప్రేరణతో వచ్చిన ‘పేదలు’ కూడా ఆ బంధుత్వంలోదే. తన పుస్తకాన్ని ప్రభువుకు గాక, అకాలమరణం పాలైన మిత్రుడు కొంపెల్ల జనార్దనరావుకు అంకితం ఇవ్వడంలోనూ ఇదే తర్కం ఉంది. ‘కన్యాశుల్కం’ అంకితపుటకూ ఈ అంకితపుటకూ మధ్య అయిదు దశాబ్దాల దూరం ఉంది. సాహిత్య చరిత్ర ఆ దూరాన్ని ఛందస్సులోనే ఎక్కువగా కొలిచింది, కృతిభర్తలో కొలవలేదు.

ఇంతకంటే ముఖ్యమైన పాఠం ‘దేశచరిత్రలు’. రాణుల ప్రణయగాథలు, ముట్టడుల జమాఖర్చులు చరిత్ర కాదని ఆ గేయం తోసిపుచ్చుతుంది. పల్లకీలోని ప్రభువును వదిలి మోసిన బోయీల గురించి అడుగుతుంది. 1935లో బ్రెహ్ట్ రాసిన చదువుకున్న కార్మికుడి ప్రశ్నల కవితతో దీనికి దగ్గరి పోలిక ఉంది. అక్కడ స్పెయిన్ రాజు ఫిలిప్ తన నౌకాదళం మునిగినప్పుడు ఏడ్చాడట, మరెవరూ ఏడవలేదా అన్న భావం వస్తుంది. ఈ పోలిక ఎవరు ఎవరిని చదివారని తేల్చడానికి కాదు. ఒకే దశకంలో ఇద్దరు కవులు రాజు బొమ్మను పక్కకు తిప్పి వెనకవైపు చూశారు. తెలుగులో చెప్పాలంటే, బొమ్మ వదిలి బొరుసు అడిగారు.

పోలికతో పాటు తేడా కూడా చూడాలి. బ్రెహ్ట్ తన ఖండపు రాజులను పేరు పెట్టి పిలిచాడు. శ్రీశ్రీ హంతకుల పట్టికలో ఉన్నవారు ప్రధానంగా ఆసియా దండయాత్రికులు: చెంఘిజ్, తైమూరు, నాదిర్షా, ఘజ్నీ, ఘోరీ. ఐరోపాలో పుట్టిన రాజు ఒక్కడే చేరాడు, అతడూ అలెగ్జాండరుగా కాక పారసీక వేషంలో సికందరుగా. ఆ గేయం రాసేనాటికి పాలిస్తున్న రాజవంశానికి ఆ పట్టికలో పేరు లేదు; క్లైవు లేడు, నెపోలియనూ లేడు. సామ్రాజ్యం మీద గేయానికున్న ఆగ్రహం ఎవరికీ సందేహం కలిగించదు. అయినా పేర్ల ఎంపిక మాత్రం నాటి పాఠశాల చరిత్రపుస్తకం అప్పటికే దుర్మార్గులుగా నిర్ణయించిన వారి దగ్గరే ఆగింది. ‘దేశచరిత్రలు’ను వలసవాద వ్యతిరేక కవితగా బోధించేటప్పుడు ఈ మౌనాన్ని దాటవేయడం పరిశోధనకు మేలు చేయదు.

ఐరోపా ఆ గేయంలోకి వచ్చినది మరో దారిన. అణగారిన వారిని దేశదేశాల నుంచి పిలిచేచోట, చీనా రిక్షావాలా, చెక్ గని పనిమనిషి సరసన ఐర్లాండు ఓడ కళాసి ఉన్నాడు. తెలుగు కవిత్వంలో ఐరోపా నావికుడికి దొరికిన గౌరవస్థానం ఇదే. లినోయి పొందలేని చోటును పేరు లేని ఈ మనిషి పొందాడు. అతడు ఇంగ్లండువాడు కాకపోవడమూ గమనించాలి; ఐర్లాండు కూడా ఇంగ్లండు ఏలుబడిలో నలిగిన దేశం. ఒక్క విశేషణంతో కవి పాలకుణ్ణీ పాలితుణ్ణీ వేరుచేశారు. పట్టికలో పలకని పేరు ఇక్కడ పరోక్షంగా పలికింది. ‘కళాసి’ అన్న మాట కూడా నిఘంటువు నుంచి దిగినది కాదు, రేవుల్లో వాడుకలో ఉన్న పనివాడి మాట.

అక్కడే ఒక చిక్కు కూడా ఉంది. 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే ఓడ రాకతో విశాఖ రేవు మొదలైంది. అదే ఏడాది డిసెంబరులో రాజప్రతినిధి విల్లింగ్డన్ దాన్ని లాంఛనంగా ప్రారంభించాడు. కొద్ది ఏళ్లకే ‘దేశచరిత్రలు’ వచ్చింది. అప్పటికి కవి పుట్టి పెరిగిన ఊరిలోనే తాళ్లు లాగే కళాసులు, బరువులు దించే కూలీలు, రేవు చుట్టూ వలలు వేసే జాలరులు ఉన్నారు. ఐర్లాండు దాకా సాగిన చూపు యారాడ కొండ కింద ఆగలేదు. పేరున్న నౌకాసేనానిని తెలుగు సాహిత్యం వదిలేసింది, పేరులేని పరదేశి కళాసిని అక్కున చేర్చుకుంది. ముత్యాలమ్మపాలెం నుంచి భీమునిపట్నం దాకా ఉన్న తీరంలో ఓడ పని చేసిన తెలుగు కళాసి మాత్రం ఆ గేయంలోనూ పల్లకీ వెనుక నడుస్తూనే ఉన్నాడు.